ఒళ్ళు అలిసినా బుర్ర ఆగడం లేదు: ఎలాంటి చేతిపని, ఎంతసేపు చేస్తే మనసు కుదుటపడుతుంది?

అడిగినవారు: రాత్రిదీపం

రోజుకు తొమ్మిది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. కంప్యూటర్ మూసేసినా మధ్యాహ్నం జరిగిన మీటింగే రాత్రి పదకొండు దాకా బుర్రలో తిరుగుతూ ఉంటుంది. కళ్ళు మూసుకుని ధ్యానానికి కూర్చుంటే ఆలోచనలు ఇంకా చుట్టుముడతాయి. ఒంటితో, చేతులతో ఏదైనా పని పెట్టుకుంటే మనసు నెమ్మదిస్తుందని చాలామంది అంటారు. అలాగని సెలవు రోజున నాలుగు గంటలు ఏకధాటిగా ఇల్లంతా కడిగి, సామాన్లు సర్దితే సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది, చిరాకు మాత్రం రెట్టింపవుతుంది.

అందుకని వివరంగా అడుగుతున్నాను. ఎలాంటి పని మనసును నిలుపుతుంది, ఎలాంటిది నిలపదు? ఎంతసేపు, ఎంత జోరుగా చేయాలి? రోజులో ఎప్పుడు చేస్తే మంచిది? ఎక్కడ తప్పు చేస్తాం? కొత్తవాళ్ళు రేపటి నుంచే మొదలుపెట్టేలా కొలతలతో సహా చెప్పగలరా?

మడిగట్టు

నాలుగు గంటలు అన్నారు చూడండి, తేడా అక్కడే వచ్చింది. అలుపు వేరు, నెమ్మది వేరు. ఒళ్ళు పూర్తిగా అలిసేదాకా చేస్తే శరీరం దాన్ని ఇంకో ఒత్తిడిగానే లెక్కేస్తుంది. గుండె వేగం చాలాసేపు దిగదు, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొంతసేపు పెరిగి ఉంటుంది, నీళ్ళు తక్కువ తాగితే దానికి తలనొప్పి తోడవుతుంది. చిరాకు రెట్టింపయిందంటే ఆశ్చర్యమేముంది?

మనసు నిలవాలంటే పనిలో మూడు గుణాలు ఉండాలని నా లెక్క. ఒకటి, చేయి ఒకే కదలికను లయగా మళ్ళీ మళ్ళీ చేయాలి. రెండు, ప్రతి కదలికకూ ఫలితం అప్పటికప్పుడు కంటికో చెవికో చేతికో తెలియాలి: మట్టి విరిగింది, కలుపు వేరుతో సహా వచ్చింది, చెక్క నునుపయింది. మూడు, ఈ రోజు వాటా ఎక్కడ అయిపోతుందో మొదలుపెట్టకముందే తెలియాలి. మీ ఇల్లు సర్దడంలో మూడోది లేదు. ఒక అలమర తెరిస్తే ఇంకో నాలుగు పనులు బయటపడతాయి. పైగా ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని ప్రతి నిమిషం తేల్చుకోవాలి. ఆఫీసులో పొద్దంతా చేసేదీ అదే కదా.

జోరు సంగతి. పని చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థమైన శ్రమ. రెండు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే జోరు ఎక్కువైనట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్పారు. కొత్తవాళ్ళు అక్కడ మొదలుపెట్టక్కర్లేదు. మొదటి రెండు వారాలు 20 నిమిషాల చొప్పున వారానికి మూడు రోజులు, తరువాత 30 లేదా 40 నిమిషాలు. అలవాటు లేని కండరాల నొప్పి పని చేసిన 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి మొదటి వారం మధ్యలో ఒక్కో రోజు ఖాళీ వదలండి.

ఇక పని. చేతికి అందేంత నేల ఉంటే మడి తవ్వడాన్ని మించింది లేదు. 1.2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు చాలు. 1.2 ఎందుకంటే రెండు పక్కల నుంచీ మధ్యదాకా చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టాల్సిన పని ఉండదు. 25 సెంటీమీటర్ల లోతు తవ్వితే మొత్తం 0.6 ఘనమీటరు మట్టి, బరువులో ముప్పావు టన్ను పైమాటే. ఒక్క రోజులో చేస్తే నడుం పడిపోతుంది. అందుకని నాలుగు మేకులు, పురికొస తీసుకుని పొడవును 30 సెంటీమీటర్ల పట్టీలుగా విడగొట్టండి. సుమారు ఏడు వస్తాయి. ఒక్కో పట్టీలో 120 కిలోల పైన మట్టి ఉంటుంది. పారకు మూడు నాలుగు కిలోలు లేస్తుంది కనుక 30 నుంచి 40 పారల పని. నిమిషానికి ఐదారు పారలు, మధ్యలో గడ్డలు చితక్కొట్టడం, వేళ్ళు ఏరడం కలుపుకుంటే పావుగంట నుంచి 20 నిమిషాలు. రోజుకు ఒక పట్టీ, అంతే. ఇంకా ఓపిక ఉన్నా పార కడిగి పెట్టేయాలి. ఆ మిగిలిన ఓపికే రేపు మళ్ళీ రప్పిస్తుంది.

మొదటి పట్టీ మట్టిని ఒక గోనెపట్టా మీద పక్కన పోయండి. రెండో పట్టీ మట్టి మొదటి గాడిలో పడుతుంది, మూడోది రెండో గాడిలో. చివరి గాడిని పక్కన పోసిన మట్టితో నింపుతారు. పైన 5 సెంటీమీటర్ల మందాన మాగిన కంపోస్టు పరవండి. ఈ మడికి 120 లీటర్లు పడుతుంది, అంటే 20 లీటర్ల బకెట్లు ఆరు.

తవ్వే ముందు మట్టిని పిడికిట్లో నొక్కి చూడాలి. ముద్ద అయి, వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోతే అదను. ముద్ద జిగురుగా మెరుస్తూ అలాగే ఉండిపోతే తడి ఎక్కువ. అప్పుడు తవ్వితే గడ్డలన్నీ ఎండి రాళ్ళవుతాయి, ఆ ఋతువంతా విరగవు. ముద్దే కాకపోతే ముందురోజు సాయంత్రం నీళ్ళు పెట్టి మర్నాడు తవ్వండి. అదను లేని నేల మీద పార వేస్తే ప్రతి దెబ్బా ఎగిరి మోచేతికి తగులుతుంది. మనసు నెమ్మదించడం మాట అటుంచి, నేల మీద కోపం వస్తుంది.

నడుం వంచకండి, తుంటి దగ్గర వంగి మోకాళ్ళు కొంచెం మడవండి. పార అంచు మీద పాదం పెట్టి ఒంటి బరువుతో దించండి, చేతులతో పొడవకండి. మట్టి పక్కకు వేసేటప్పుడు నడుం మెలితిప్పకుండా పాదాలు తిప్పండి. పది నిమిషాలకోసారి ముందు చెయ్యి మార్చండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, కనుక ఎత్తే క్షణంలోనే ఊపిరి వదలాలి. ఈ ఒక్కటి పట్టుబడితే ఊపిరి, పార ఒకే తాళంలో పడతాయి. మనసు పట్టుకోవడానికి అంతకన్నా మంచి కొయ్య లేదు.

ఇంకో గుర్తు. పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నారో అప్పుడప్పుడూ చూసుకోండి. వేళ్ళ కణుపులు తెల్లబడితే మనసు ఇంకా మీటింగులోనే ఉన్నట్టు. పట్టు సడలించండి. అరచేతి బొబ్బలు సగం ఈ బిగింపు వల్లే వస్తాయి. మిగతా సగం వదులు చేతితొడుగుల వల్ల, లోపల చెయ్యి జారి ఒరుసుకుంటుంది.

నాడిపట్టు

పైన చెప్పిన జోరు లెక్కతో ఏకీభవిస్తాను. ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను, అది తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఏ పనీ లేనప్పుడు, మనసు తన గోల తాను చూసుకుంటున్నప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసి చురుగ్గా ఉంటాయి. 2001లో మెదడు పరిశోధకుడు మార్కస్ రైక్లీ బృందం దీన్ని డీఫాల్ట్ మోడ్‌గా వర్ణించింది. జరిగినదాన్ని నెమరేయడం, 'వాళ్ళేమనుకున్నారో' అనుకోవడం ఎక్కువగా ఈ వలయంలో నడుస్తాయి. బయటి పని మీద శ్రద్ధ పెట్టినప్పుడు దీని జోరు తగ్గుతుంది. కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే మీకు ఆలోచనలు పెరగడం, చేతిలో పని ఉంటే తగ్గడం ఇందువల్ల కావచ్చు. అది మీ లోపమేమీ కాదు. అయితే చేతులు కదులుతున్నంత మాత్రాన చాలదు, శ్రద్ధ కూడా అక్కడ ఉండాలి. మరీ తేలికైన పనికి శ్రద్ధ అక్కర్లేదు, మనసు పాత దారిలోకే జారుతుంది. మరీ కష్టమైతే తప్పు చేస్తానేమోనన్న బెంగ పట్టుకుంటుంది. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త 'ఫ్లో' అని పేరు పెట్టిన స్థితి ఈ రెంటి మధ్య, నైపుణ్యానికి సరితూగే సవాలు ఉన్నచోట వస్తుంది.

వ్యాయామం తరువాతి హాయికి కారణం ఎండార్ఫిన్లేనని అందరూ రాస్తారు. రక్తంలోకి విడుదలయ్యే ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులభంగా దాటలేవు. అర్ధగంట మధ్యస్థ శ్రమ తరువాత రక్తంలో పెరిగే ఆనందమైడ్ లాంటి పదార్థాలు మాత్రం దాటగలవు కాబట్టి పరిశోధకుల చూపు ఇప్పుడు వాటి మీద ఎక్కువగా ఉంది. 'ఆనందం' అనే సంస్కృత పదం నుంచే ఆ పేరు పెట్టారు.

వేళ: పని ముగిసిన గంటలోపు అయితే ఆఫీసుకూ ఇంటికీ మధ్య ఒక గట్టు వేసినట్టుంటుంది. చెమట పట్టే పని నిద్రకు కనీసం రెండు గంటల ముందే ఆపండి. ఒళ్ళు వేడిగా, గుండె జోరుగా ఉంటే నిద్ర రాదు. పనికి ముందు ఓపిక కోసం కాఫీ తాగే అలవాటుంటే మానుకోండి. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది, రాత్రి పదకొండు గంటల గోలలో దాని వాటా కూడా ఉంటుంది.

అడగని మాట ఒకటి. బతుకుతెరువు కోసం రోజంతా బరువులు మోసేవాళ్ళకు ఆ శ్రమ వల్ల ఇలాంటి మేలు కలగకపోవచ్చు, ఒక్కోసారి కీడే జరుగుతుంది. వేగం, విరామం వాళ్ళ చేతుల్లో ఉండవు, కోలుకునే సమయం ఉండదు. మీరు పెట్టుకునే పనిలో కూడా ఎవరో తరుముతున్నట్టు గడియారం పెట్టి పరుగెత్తితే ఈ మేలు పోతుంది. గడియారం వాడేది ఆపడానికే.

రాత్రిదీపం

చాలా ఉపయోగం. రెండు సందేహాలు. ఉండేది పై అంతస్తులో, నేల లేదు. బాల్కనీ ఒక మీటరు వెడల్పు ఉంటుందేమో. ఇంట్లో కూర్చుని చేసే పని ఏదైనా ఇంత బాగా పనికొస్తుందా? రెండోది, గిన్నెలు తోముతున్నా బట్టలు మడతపెడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, బుర్ర దాని గోలలో అది ఉంటుంది. అప్పుడేం చేయాలి? చెవుల్లో ఏదైనా వింటూ చేస్తే మంచిదా?

సానరాయి

చెవుల్లో ఏమీ పెట్టుకోకండి, కనీసం మొదటి నెల. ఇప్పుడు చెప్పబోయే పనిలో సగం సమాచారం చెవి నుంచే వస్తుంది.

గిన్నెలు, బట్టలు చేతికి పూర్తిగా అలవాటైపోయినవి, అందుకే శ్రద్ధ అడగవు. సానరాయి మీద కత్తికి పదును పెట్టడం అలా కాదు. కోణం రెండు డిగ్రీలు తప్పినా పని చెడుతుంది, ప్రతి లాగుకూ చేయి సరిచూసుకోవాలి. ఒక బల్ల, ఒక రాయి, ఒక గిన్నెడు నీళ్ళు చాలు. కండబలం పెద్దగా అక్కర్లేదు, అయినా అర్ధగంటకు భుజాల్లోని బిగువు తెలుస్తుంది, ఆ తరువాత వదులుతుంది.

కావలసింది 1000 గ్రిట్ నీటిరాయి (నీళ్ళతో వాడే సానరాయి) ఒకటి. గ్రిట్ అంటే గరుకుదనం అంకె, అది పెరిగేకొద్దీ రాయి నునుపు. తరువాత కావాలంటే 3000 గానీ 6000 గానీ కొనుక్కోవచ్చు, ఇప్పుడే వద్దు. రాయి నానబెట్టే రకమైతే బుడగలు రావడం ఆగేదాకా, సుమారు 10 నుంచి 15 నిమిషాలు నీళ్ళలో ఉంచండి. పైన నీళ్ళు చల్లితే చాలు అనే రకాలూ ఉన్నాయి, వాటిని నానబెడితే పాడవచ్చు. పెట్టె మీద చూసుకోండి. రాయి కింద తడిగుడ్డ పరిస్తే జారదు.

కోణం కంటితో అంచనా వేయకండి, కొలవండి. వంటింటి కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు. అలుగు (కత్తి రేకు) వెడల్పు 45 మిల్లీమీటర్లు అనుకుందాం. 15 డిగ్రీలకు కత్తి వీపు రాయి నుంచి 11.6 మిల్లీమీటర్లు, 20 డిగ్రీలకు 15.4 మిల్లీమీటర్లు లేవాలి. నాణేలు పేర్చి ఆ ఎత్తు చూసుకుని, చేతికి గుర్తయ్యాక నాణేలు తీసేయండి. ఇప్పుడు అంచు వెంట మార్కర్‌తో నల్లగా గీసి నాలుగు లాగులు లాగండి. రంగు అంచు దగ్గరే పోయి పైన మిగిలితే కోణం ఎక్కువ, వీపు దించాలి. పైన పోయి అంచు దగ్గర మిగిలితే కోణం తక్కువ, ఎత్తాలి. పట్టీ అంతా సమానంగా పోయిందంటే కుదిరినట్టు. కొత్తవాళ్ళు ఈ మార్కర్ పని దాటేస్తారు, గంటసేపు రుద్దినా అంచును రాయి తాకకపోవడానికి కారణం ఇదే.

అలుగును మూడు భాగాలుగా అనుకోండి: మడమ (పిడి వైపు), మధ్య, మొన. ఒక్కో భాగానికి పది పదిహేను లాగులు, రెండు వేళ్ళు అంచుకు దగ్గరగా ఆనించి. ఒత్తిడి మొదట ఒకటి రెండు కిలోలు. ఎంతో తెలియకపోతే రాయిని తూకం యంత్రం మీద పెట్టి ఒకసారి నొక్కి చూడండి. కొంతసేపటికి ఎదుటి వైపు అంచు వెంట సన్నటి గరుకు తగులుతుంది. వేలిని వీపు నుంచి అంచు వైపుకు అడ్డంగా జరిపి చూడాలి, అంచు వెంట ఎప్పుడూ జరపకండి, తెగుతుంది. ఆ గరుకు మడమ నుంచి మొన దాకా తెగకుండా తగిలేదాకా రెండో వైపుకు తిప్పకూడదు. 'ఇక చాలులే' అనిపించే క్షణం సరిగ్గా ఇక్కడ వస్తుంది. అప్పుడు ఇంకో పది లాగులు ఓపిక పట్టడంలోనే ఈ పని మనసుకు చేసే మేలంతా ఉందని నా నమ్మకం.

రెండో వైపు కూడా అయ్యాక ఒత్తిడి సగానికి, ఆ పైన సగానికి తగ్గిస్తూ ఒక్కో వైపు ఐదు, మూడు, ఒకటి లాగులు మార్చి మార్చి వేయండి. చివరివి కత్తి బరువు తప్ప ఇంకేమీ పడనట్టు ఉండాలి. ఆ గరుకు పూర్తిగా రాలిపోతేనే పదును నిలుస్తుంది, లేకపోతే మొదటి రోజు కాగితాన్ని కోసి మర్నాటికి మొద్దుబారుతుంది. తరువాత తోలు ముక్క మీద వెనక్కి లాగుతూ ఒక్కో వైపు ఐదారు సార్లు.

చెవి సంగతి. కోణం నిలకడగా ఉంటే రాయి ఒకే స్వరంలో 'సుయ్' మంటుంది. మణికట్టు ఊగితే స్వరం మారుతుంది. మనసు ఆఫీసుకు వెళ్ళిందని మీకంటే ముందు ఆ చప్పుడే చెప్తుంది. విన్నప్పుడు విసుక్కోకుండా కోణం సరిచేసుకోండి. అర్ధగంటలో ముప్పై సార్లు పోయినా ఫరవాలేదు, ముప్పై సార్లు తిరిగొచ్చినట్టే. మీ రెండో సందేహానికి ఇదే జవాబు: తిరిగి రమ్మని పిలిచే చప్పుడో స్పర్శో ఉన్న పని ఎంచుకోవాలి.

రాయి మధ్యలో గుంట పడుతుంది. నాలుగైదు కత్తులకోసారి రాయి మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, మందమైన గాజుపలక మీద తడి చేసిన ముతక సాండ్ పేపర్ పరిచి, గళ్ళన్నీ పోయేదాకా రుద్దండి. అదీ పది నిమిషాల మంచి పనే.

కోపంతో చేతులు వణుకుతున్నప్పుడు, నిద్ర తూలుతున్నప్పుడు మాత్రం కత్తి పట్టవద్దు. ఆ రోజులకు వేరే పని ఉండాలి.

చిత్రిక

ఆ రోజులకు చెక్క నునుపు చేయడం సరిపోతుంది. పదునైనదేదీ చేతిలో ఉండదు. ఒక పాత పీటో పలకో తీసుకోండి, సాండ్ పేపర్ 80, 120, 180, 240 గ్రిట్‌లు చాలు. చెక్కదిమ్మకు చుట్టి రుద్దాలి, వట్టి వేళ్ళతో రుద్దితే వేళ్ళ కింద గాళ్ళు పడతాయి. ఎప్పుడూ నార పోయే దిశలోనే. ప్రతి గ్రిట్‌కు ముందు పలకంతా పెన్సిల్‌తో పలచగా గిలకండి, గీతలన్నీ పోతే ఆ గ్రిట్ అయిపోయినట్టు. రోజుకు ఒక్క గ్రిట్. 80 నుంచి నేరుగా 240కి దూకితే ముతక గీతలు లోపల ఉండిపోతాయి, నూనె పట్టించాక బయటపడి వెక్కిరిస్తాయి. 180 తరువాత తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార లేస్తుంది, దాన్ని 240తో తీసేస్తే మళ్ళీ లేవదు.

సన్నటి చెక్కపొడి ఊపిరితిత్తులకు చేటు. ఎన్95 మాస్కు తప్పనిసరి, బాల్కనీలో చేయండి, పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తీయండి. పాత రంగు వేసిన చెక్కనైతే ముట్టుకోవద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.

మడిగట్టు

బాల్కనీ మీటరు వెడల్పు ఉందన్నారు కాబట్టి ఒక మాట. 12 నుంచి 15 లీటర్ల కుండీలు ఆరు పెట్టుకుంటే వారానికి మూడు రోజులు 20 నిమిషాల పని దొరుకుతుంది: పైమట్టి రెండు సెంటీమీటర్లు గుల్ల చేయడం, కలుపు తీయడం, ఎండుటాకు పరవడం. తడిసిన 15 లీటర్ల కుండీ 15 నుంచి 20 కిలోలు తూగుతుంది కనుక ఆరూ ఒకే చోట కాకుండా గోడ వెంట సర్దండి.

పైన చెప్పడం మరిచింది: నేల ఉన్నవాళ్ళు మడి తవ్వడం ఒక్కసారికే. బాగుందని ప్రతి నెలా తిరగేస్తే మట్టి కట్టు చెడుతుంది, వానపాములు పోతాయి. మళ్ళీ మళ్ళీ చేయడానికి కంపోస్టు కుప్ప ఉంది. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే వేడి నిలుస్తుంది. ఎండుటాకు రెండు మూడు పాళ్ళు, పచ్చి చెత్త ఒక పాలు. లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరి దిగడం మొదలైనప్పుడు తిరగేయాలి, మొదట్లో వారానికి ఒకసారి. బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా చేస్తే 30 నుంచి 40 నిమిషాలు. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే కుళ్ళువాసన వస్తుంది, ఎండుటాకు కలపండి. అసలు రాకపోతే వేడెక్కదు, నీళ్ళు చల్లండి. పొడిగా ఉన్న కుప్పను తిరగేస్తే లేచే దుమ్ములో బూజు, బాక్టీరియా ఉంటాయి కాబట్టి తడిపి, మాస్కు పెట్టుకునే దిగాలి. మట్టిపని చేసేవాళ్ళందరూ ధనుర్వాతం టీకా పదేళ్ళలోపు వేయించుకున్నదో లేదో చూసుకోండి.

నాడిపట్టు

ఇక ఇది పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఒక కాగితం మీద సున్నా నుంచి పది వరకు అంకె వేయండి, పది అంటే బుర్ర భరించలేనంతగా తిరుగుతున్నట్టు. పనికి ముందు ఒకటి, అయిన వెంటనే ఒకటి, రెండు గంటల తరువాత ఒకటి. అసలైనది మూడోది. పది సార్లు చేశాక చూడండి. వెంటనే తగ్గి రెండు గంటలకు ముందుకన్నా పెరుగుతోందంటే మోతాదు ఎక్కువ, సమయం మూడో వంతు తగ్గించండి. మూడు అంకెలూ కదలకపోతే ఆ పని మీకు పడదు, మార్చండి. పని పూర్తయిందన్న తృప్తికి పక్కన ఇంకో అంకె వేసుకుంటే ఇంకా మంచిది. కుంగుబాటుకు వాడే 'బిహేవియరల్ యాక్టివేషన్' చికిత్సలో కూడా ఇలాగే పనిని, దాని వల్ల కలిగిన తృప్తిని రాయిస్తారు.

అయితే ఈ అంకెల వల్ల ఒక ప్రమాదం ఉంది: పని చేస్తూ చేస్తూ 'తగ్గిందా, తగ్గిందా' అని లోపలికి తొంగిచూడటం. జపాన్ మానసిక వైద్యుడు షోమా మొరిటా (1874–1938) తన చికిత్సలో పనికి పెద్దపీట వేశాడు. మొదట సుమారు వారం రోజులు పూర్తి పడక విశ్రాంతి, తరువాత తేలికపాటి పనులు, ఆపైన బరువైన పనులు, చివరికి మామూలు జీవితంలోకి. భావాలు మన చెప్పుచేతల్లో ఉండవు, చేసే పని ఉంటుంది అన్నది ఆయన పట్టు. బెంగను వదిలించుకుని పనికి దిగుదామని కూర్చోవద్దు, బెంగను వెంటబెట్టుకునే దిగండి అన్నమాట. కాబట్టి అంకెలు ఆ మూడు వేళల్లోనే వేయండి, మధ్యలో కత్తి గురించే ఆలోచించండి.

పనితో సరిపెట్టుకోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే వైద్యుణ్ణి కలవాలి, పని దానికి తోడు మాత్రమే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే సాయం అడగాలి. శుభ్రం చేసిన పది నిమిషాలకే మళ్ళీ చేయాలని మనసు తరుముతుంటే, ఆపలేకపోతుంటే అది వేరే ఇబ్బంది, ఇంకా తోమితే ఇంకా పెరుగుతుంది. నిద్ర మూడు గంటలకు పడిపోయినా అలుపు తెలియకుండా రాత్రంతా పనులు చేస్తున్నా నెమ్మది అనుకోకండి, వైద్యుడికి చెప్పండి. జబ్బు పడి లేచాక కొద్దిపాటి శ్రమకే మర్నాడో ఆ పై రోజో కూలబడిపోతున్నవాళ్ళు పని పెంచుకుంటూ పోకూడదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి.

రాత్రిదీపం

అర్థమైంది. 1000 గ్రిట్ రాయితో మొదలుపెడతాను, చేతులు వణికే రోజులకు పాత పీట. సోమ, బుధ, శుక్ర సాయంత్రం ఏడుకు 20 నిమిషాలు. ఒక్క చిన్న సందేహం: 20 నిమిషాల్లో కత్తి ఒక వైపే పూర్తయితే అలాగే వదిలేయొచ్చా, రెండో వైపు కూడా చేసి లేవాలా?

సానరాయి

వదిలేయొచ్చు, ఏమీ కాదు. ఒక వైపు గరుకు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ కత్తిని ఈలోపు వాడకుండా గుడ్డలో చుట్టి, 'కుడి వైపు అయింది, వీపు ఎత్తు 12 మి.మీ.' అని చీటీ రాసి పెట్టండి. తడి లేకుండా తుడవండి, కార్బన్ ఉక్కు అయితే ఒక చుక్క నూనె పూయండి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు మచ్చలు కనిపిస్తాయి. రాయిని ఎండలో పెట్టకండి, నీడలో నిలువుగా ఆరనివ్వండి. బుధవారం మళ్ళీ మార్కర్ గీతతోనే మొదలు.